కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే పొడికళ్ళు అంటారేమిటి? అరవై దాటినవాళ్ళలో ఇది ఎంతమందికి ఉంటుంది?

విశాఖ సీతమ్మధార నుంచి ఒకరు అడిగారు. అమ్మగారికి 68 ఏళ్ళు. కొన్నాళ్ళుగా కళ్ళల్లో ఇసుక పడ్డట్టు గరగర, పేపరు చదవడం మొదలెట్టిన కాసేపటికే అక్షరాలు అలుక్కుపోవడం, సాయంత్రం బీచ్ రోడ్డుకి తీసుకెళితే ధారగా నీళ్ళు. డాక్టరు పొడికళ్ళు అని చుక్కల మందు రాశారు, శుక్లం ముదిరింది కాబట్టి వచ్చే నెల ఆపరేషన్ అన్నారు. వారి సందేహాలు మూడు: నీళ్ళు కారే కన్ను పొడికన్ను ఎలా అవుతుంది, వైజాగ్ లాంటి ఉక్కపోత ఊళ్ళో కళ్ళు ఎండడమేమిటి, ఈ వయసులో ఇది అందరికీ వచ్చేదేనా.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇందులో ఒక్క అంకె చెప్పి ఊరుకునేవాళ్ళని నమ్మకూడదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని బీవర్ డ్యామ్ ఊరివాళ్ళ మీద చేసిన అధ్యయనంలో 48 ఏళ్ళు దాటినవాళ్ళలో 14.4 శాతం మందికి పొడికళ్ళు ఉన్నాయని తేలింది. అందులోనే అరవైలోపు వాళ్ళలో 8.4 శాతం, ఎనభై దాటినవాళ్ళలో 19 శాతం. మేరీలాండ్‌లోని సాల్స్‌బరీలో 65 దాటినవాళ్ళని అడిగితే 14.6 శాతం. అమెరికాలోనే యాభై దాటిన ఆడవాళ్ళ మీద జరిగిన పెద్ద అధ్యయనంలో 7.8 శాతం, మగవాళ్ళ మీద విడిగా జరిగినదాంట్లో 4.3 శాతం. 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం ప్రపంచంలోని లెక్కలన్నీ గుదిగుచ్చి 5 నుంచి 50 శాతం అని తేల్చింది. ఇంత వెడల్పున్న జవాబు జవాబేనా అనిపిస్తుంది.

మన దేశానికి వస్తే తేడా ఇంకా విడ్డూరంగా ఉంటుంది. 2005లో జైపూర్‌లో ఆసుపత్రికి వచ్చినవాళ్ళని చూస్తే 18.4 శాతం. 2018లో ఉత్తర భారతంలో చూస్తే 32 శాతం. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రులకి (హనుమంతవాక దగ్గరున్నదీ ఆ గొలుసులోదే) కొత్తగా వచ్చిన సుమారు 14.5 లక్షల మంది రికార్డులు వెదికితే పొడికళ్ళు అని నిర్ధారణ రాసినవాళ్ళు 1.46 శాతం మాత్రమే. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకచోట రోగిని ప్రశ్నలడిగి మార్కులేశారు. ఇంకోచోట డాక్టరు అసలు జబ్బుగా రాసినదాన్నే లెక్కపెట్టారు. శుక్లం కోసం వచ్చిన పెద్దావిడ కళ్ళు కొంచెం పొడిగా ఉన్నా కాగితం మీద పడేది శుక్లమే.

పెద్దవయసువాళ్ళలో ఇంకో చిక్కుంది. వయసుతోపాటు నల్లగుడ్డు మీది స్పర్శ మొద్దుబారుతుంది. షుగర్ ఉంటే ఇంకా ఎక్కువ. పరీక్షలో నల్లగుడ్డు నిండా ఎండిన మచ్చలు కనిపిస్తున్నా "నాకేం బాధ లేదు బాబూ" అనేవాళ్ళుంటారు. ఇటువైపు విపరీతమైన మంట చెబుతూ పరీక్షలో పెద్దగా ఏమీ కనిపించనివాళ్ళూ ఉంటారు. అందుకే లక్షణాలు అడిగి లెక్కిస్తే ఒక అంకె, పరికరంతో చూస్తే మరో అంకె. నన్నడిగితే అరవై దాటిన పదిమందిలో కనీసం ఒకరిద్దరికి రోజువారీ ఇబ్బంది పెట్టే స్థాయిలో ఉంటుంది, ఆడవాళ్ళలో మగవాళ్ళకంటే ఎక్కువ, వయసు మీద పడేకొద్దీ పెరుగుతుంది. మామూలే, కానీ అందరికీ రాదు. "వయసండీ" అని వదిలేయాల్సిన జబ్బయితే అసలే కాదు.

ఇక నీళ్ళ సంగతి. కంటి మీద ఎప్పుడూ ఉండే కన్నీటి పొర మందం సుమారు 3 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). నల్లగుడ్డుకి అంటుకునేందుకు జిగురు, దాని మీద నీరు, పైన ఆవిరి కాకుండా కాపాడే సన్నటి నూనె. ఆ నూనె రెప్పల అంచుల్లో వరసగా ఉండే మైబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. పైరెప్పలో ముప్ఫై, నలభై, కిందిరెప్పలో ఇరవై, ముప్ఫై దాకా ఉంటాయి. వయసు మీద పడేకొద్దీ వీటిలో కొన్ని కుంచించుకుపోతాయి, మిగిలినవాటిలో నూనె గడ్డకట్టి నోళ్ళు మూసుకుపోతాయి. నూనె పొర పలచబడితే నీటిపొర రెండు రెప్పపాట్ల మధ్యలోనే చెదిరిపోతుంది, నల్లగుడ్డు గాలికి బయటపడుతుంది. ఆ చురుకు మెదడుకి చేరగానే కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్ళు వదులుతుంది. ఆ నీళ్ళలో నూనె, జిగురు సరిపడా ఉండవు, అందుకే కంటిని తడపకుండా చెంప మీదకి జారిపోతాయి. బీచ్‌లో ఎదురుగాలికి మీ అమ్మగారి కళ్ళు ధారకట్టడం ఇదే.

నీళ్ళు కారే ప్రతి కన్నూ పొడికన్ను కాదనేది కూడా ఇక్కడే చెప్పాలి. ఒక్క కన్నే, ఇంట్లో ఊరికే కూర్చున్నా రోజంతా కారుతూ, ముక్కు పక్కన కంటి మూలలో నొక్కితే చీమో జిగురో పైకి వస్తుంటే అది కన్నీటి నాళం మూసుకుపోవడం. శుక్లం ఆపరేషన్‌కి ముందు నాళంలోకి నీళ్ళు ఎక్కించి చూసేది అందుకే. కిందిరెప్ప వదులై బయటికి వాలినా కారుతుంది. పొడికళ్ళలో మాత్రం సాధారణంగా రెండు కళ్ళూ బాధపడతాయి, గాలికీ చదువుకీ టీవీకీ ఎక్కువవుతుంది, రెప్ప రెండుమూడుసార్లు కొడితే మసక తేటపడుతుంది. రెప్ప కొట్టినా తేటపడని మసక శుక్లానిది కావచ్చు, ఇంకేదైనా కావచ్చు.

ఉక్కపోత ఊరనే ధీమా గురించి. బయట గాలిలో తేమ ఉన్న మాట నిజమే. కానీ ఏసీ పనే గదిలోని తేమని లాగి గొట్టంలోంచి బయటికి వదలడం. కిటికీలు బిగించి రాత్రంతా 20లో పెట్టుకుని పడుకుంటే ఆ గదిలో ఉన్నది విశాఖ గాలి కాదు. నడినెత్తిన ఫ్యాను ఐదులో తిరుగుతుంటే అదో బాధ. పెద్దవాళ్ళలో చాలామందికి రెప్పలు వదులై నిద్రలో కన్ను సన్నగా తెరుచుకునే ఉంటుంది. ఒక రాత్రి వాళ్ళు గాఢనిద్రలో ఉండగా ఫోను లైటు నేరుగా వేయకుండా పక్కనుంచి చూడండి. రెప్పల మధ్య తెల్లగుడ్డు సన్నటి గీతలా కనిపిస్తే, పొద్దున లేవగానే మంట, ఎరుపు ఎక్కువ అనడానికి కారణం దొరికినట్టే. దీనికి చుక్కల మందుకంటే రాత్రి పడుకునేముందు కంటి జెల్ గానీ ఆయింట్‌మెంట్ గానీ ఎక్కువ పనిచేస్తుంది. ఏసీ 26, 27 దగ్గర పెట్టి రెక్కలు పైకి తిప్పండి. ఫ్యాను గాలి మొహం మీద కాకుండా కాళ్ళవైపు తగిలేలా మంచం జరపండి.

పొగ ఇంకొకటి. పూజగదిలో అగరుబత్తీలు, సాంబ్రాణి, వంటింట్లో ఎండుమిర్చి పోపు ఘాటు, పోర్టు వైపు ఇళ్ళయితే బొగ్గు ధూళి. ఇవి జబ్బుని పుట్టించకపోయినా ఉన్నదాన్ని రేపుతాయి. కాటుక కూడా. రెప్ప అంచు లోపలివైపు రాసే కాటుక నేరుగా ఆ నూనె గ్రంథుల నోళ్ళనే పూడుస్తుంది.

మందుల సంచి ఒకసారి విప్పి చూడమంటాను, ఎందుకంటే ఎక్కువ ఇళ్ళలో ఇది ఎవరూ చూడరు. జలుబు, దురద అని నెలల తరబడి వేసుకునే సెట్రిజైన్ లాంటి అలర్జీ బిళ్ళలు కన్నీటిని తగ్గిస్తాయి. నిద్రకో నరాల నొప్పికో రాసే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆగడం లేదని రాసే ఆక్సిబ్యుటినిన్, సోలిఫెనసిన్ కూడా అంతే. బీపీ బిళ్ళ పేరు చివర హెచ్ అక్షరం ఉంటే అందులో చాలాసార్లు హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంటుంది. అది ఒంట్లో నీటిని మూత్రంగా పంపించే మందు. గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగి చూపు నరం పాడయ్యే జబ్బు) చుక్కలు ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళకి, ఆ సీసాలో మందు చెడిపోకుండా కలిపే బెంజాల్‌కోనియం క్లోరైడ్ అనే నిల్వ మందే కంటి పైపొరని దెబ్బతీస్తుంది. వీటిలో దేన్నీ మీరుగా ఆపకండి, ముఖ్యంగా బీపీ, గ్లాకోమా మందులు. అన్నీ ఒక కాగితం మీద రాసి కంటి డాక్టరుకి చూపించండి. బదులు మందు చాలాసార్లు దొరుకుతుంది.

పరీక్షల సంగతి తెలిస్తే డాక్టరు గదిలో తెల్లమొహం వేయక్కర్లేదు. ముందు నారింజ రంగు అద్దిన కాగితం కంటికి తాకించి, నీలి వెలుతురులో, రెప్ప కొట్టకుండా చూడమంటారు. పొర పగలడానికి 10 సెకన్లలోపే పడితే కన్నీరు నిలకడగా లేదని అర్థం. ఆ రంగే నల్లగుడ్డు మీద ఎండి దెబ్బతిన్నచోట పచ్చటి చుక్కలుగా పట్టుకుంటుంది. రెప్ప అంచుని వేలితో నొక్కి నూనె ఎలా వస్తోందో చూస్తారు. బాగుంటే ఆలివ్ నూనెలా పల్చగా వస్తుంది, చెడితే టూత్‌పేస్టులా తీగలుగా వస్తుంది, లేదా అసలు రాదు. షిర్మర్ పరీక్షలో 35 మి.మీ. కాగితపు పట్టీని కిందిరెప్పలో తగిలించి 5 నిమిషాలు ఉంచుతారు. 10 మి.మీ.లోపు తడిస్తే కన్నీరు తక్కువ, 5 లోపు అయితే బాగా తక్కువ. కాగితం గుచ్చుకోవడంతోనే నీళ్ళు ఊరతాయి కాబట్టి షిర్మర్ మొదట చేసి తర్వాత మిగతావి చూస్తే ఫలితం కలగాపులగమవుతుంది. నాలుగు అంకెలూ చీటీ మీద రాయించుకోండి. మూడు నెలల తర్వాత మందు పనిచేసిందా లేదా అని తేల్చేవి అవే.

వచ్చే నెల ఆపరేషన్ అన్నారు కదా, అసలు జాగ్రత్త అక్కడ ఉంది. శుక్లం తీసి పెట్టే లెన్సు పవర్‌ని నల్లగుడ్డు వంపు, కంటి పొడవు కొలిచి లెక్కకడతారు. వంపు కొలిచే యంత్రం నిజానికి చూసేది కన్నీటి పొర మీద పడిన వెలుగు ప్రతిబింబాన్ని. పొర చిరిగి ఉంటే కొలత ఒకసారికొకలా వస్తుంది, లెన్సు పవర్ తప్పుతుంది, ఆపరేషన్ చక్కగా జరిగినా అద్దాలు వదలవు. అందుచేత పొడికళ్ళకి కనీసం రెండు నుంచి నాలుగు వారాలు వైద్యం చేసి, ఆ తర్వాత కొలతలు తీయించుకోవాలి. ఇప్పటికే తీసి ఉంటే "పొడికళ్ళు కాస్త తగ్గాక మళ్ళీ కొలుస్తారా" అని అడగండి, నిపుణులెవరూ తప్పుపట్టరు. కొలతల ముందు అరగంటలో ఏ చుక్కలూ వేయకండి, ముఖ్యంగా చిక్కటి జెల్. ఆపరేషన్ అయ్యాక గరగర కొన్నాళ్ళు పెరగడం మామూలే, ఎందుకంటే కోతతో నల్లగుడ్డు నరాలు కొన్ని తెగుతాయి. మొదటి నెలలో ఎక్కువగా ఉండి, చాలామందిలో మూడు నెలలకి సర్దుకుంటుంది. శుక్లం ముదిరిందంటే మూడు వారాలు ఆగినందుకు కొంపేమీ మునగదు, అది వాచి ఒత్తిడి పెంచుతోందని డాక్టరు చెబితే తప్ప.

ఇంట్లో చేసేవాటిలో కాపడమే గొప్పది, దాన్నే అందరూ పాడుచేస్తారు. గడ్డకట్టిన నూనె కరగాలంటే రెప్ప మీద సుమారు 40 డిగ్రీల వేడి ఐదు నుంచి పది నిమిషాలు నిలవాలి. వేడినీళ్ళలో ముంచిన కర్చీఫు కంటి మీద వేసి వదిలేస్తే రెండు నిమిషాల్లో చల్లారుతుంది, మిగతా ఎనిమిది నిమిషాలూ తడిగుడ్డ మొయ్యడమే. రెండు గుడ్డలు, మూత ఉన్న ఒక గిన్నెలో వేడినీళ్ళు పెట్టుకోండి. ఒకటి కంటి మీద ఉండగా రెండోది గిన్నెలో, ప్రతి రెండు నిమిషాలకీ మార్పు. మైక్రోవేవ్‌లో పెట్టే కంటి మాస్కు దొరికితే అదింకా సుఖం, వేడి నిలుస్తుంది. ముందు మీ ముంజేతి లోపలివైపు ఆనించి చూడండి. హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. షుగర్ ఉన్నవాళ్ళకి వేడి సరిగా తెలియదు కాబట్టి ఈ చూడడం ఇంట్లో వేరేవాళ్ళే చేయాలి.

కాపడం తీసిన వెంటనే, నూనె మళ్ళీ బిగుసుకోకముందే, రెప్పలు నిమరాలి. కళ్ళు మూసి, శుభ్రమైన వేలికొసతో పైరెప్పని పైనుంచి కిందికి, కిందిరెప్పని కిందినుంచి పైకి, అంటే ఎప్పుడూ వెంట్రుకల వైపుకే, ముక్కు దగ్గర్నుంచి బయటి మూల దాకా ఒక్కోచోట ఐదారుసార్లు. గుడ్డు మీద నొక్కకూడదు, గ్లాకోమా ఉంటే ఈ నిమరడం గురించి ముందు డాక్టరుని అడగాలి. తర్వాత కాచి చల్లార్చిన నీళ్ళలో ముంచి పిండిన దూదితో రెప్పల అంచున ఉన్న పుసులు, పొట్టు తుడవాలి. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వద్దు. మొదటి నెల పొద్దున, రాత్రి రెండుపూటలా, తర్వాత రోజుకొకసారి. రెండు వారాలు చేసి "ఏం తేడా లేదు" అని మానేసేవాళ్ళే ఎక్కువ. గ్రంథులు తేరుకోవడానికి ఆరు వారాలైనా పడుతుంది.

చుక్కల మందుల్లో కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం పల్చనిది, పగటికి బాగుంటుంది. 1 శాతం చిక్కనిది, వేసుకున్న కాసేపు మసకగా ఉంటుంది, కాబట్టి మెట్లు దిగేముందు వద్దు. సోడియం హైలురొనేట్ 0.1 శాతం ఇంకాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. నూనె తక్కువైన రకానికి నూనె కలిసిన చుక్కలు వేరే ఉన్నాయి. ఏ కంపెనీది అన్నదానికంటే రోజుకెన్నిసార్లు అన్నదే ముఖ్యం. నిల్వ మందు ఉన్న మామూలు సీసా రోజుకి నాలుగుసార్ల వరకే. అంతకు మించి అవసరమైతే, లేదా గ్లాకోమా చుక్కలు కూడా నడుస్తుంటే, నిల్వ మందు లేనివి అడగండి. ఖరీదు ఎక్కువే, కానీ తక్కువ ధర సీసాని గంటగంటకీ పోస్తే ఆ నిల్వ మందుతోనే కన్ను మండుతుంది, మండుతోందని మళ్ళీ పోస్తారు.

వేసే పద్ధతి: కంట్లో నిలిచేది ఒక్క చుక్కకంటే తక్కువే, రెండో చుక్క చెంపకే పోతుంది. వేశాక కన్ను ఒకటి రెండు నిమిషాలు మూసి ఉంచాలి, టపటపా కొడితే మందు గొంతులోకి పోతుంది. రెండు రకాల మందులుంటే మధ్య ఐదు నిమిషాలు, జెల్ ఎప్పుడూ చివర. చేతులు వణికే పెద్దవాళ్ళు వెల్లకిలా పడుకుని, కన్ను మూసి, ముక్కు వైపు మూలలో చుక్క పడేసి, అప్పుడు కన్ను తెరిస్తే దానంతటదే లోపలికి జారుతుంది. సీసా తెరిచిన తేదీ దాని మీదే పెన్నుతో రాసి, నెల దాటితే మిగిలినా పారేయండి.

వద్దన్నవి త్వరగా చెప్పేస్తాను. రోజ్‌వాటర్, తేనె, ఆముదం, తల్లిపాలు కంట్లో పోయకండి. వాటిలో ఏదీ క్రిమిరహితం కాదు. ఎరుపు తగ్గించే చుక్కలు రక్తనాళాల్ని కుంచింపజేస్తాయి, మానగానే ఎరుపు రెట్టింపుగా తిరిగొస్తుంది. అన్నిటికంటే ప్రమాదం మందుల షాపులో "కళ్ళు ఎర్రబడ్డాయి" అంటే ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన సీసా. వేసిన రోజే హాయిగా ఉంటుంది, అదే దాని మాయ. నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి చూపు నరం పాడవుతుంది, అది తిరిగిరాదు. సీసా మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, లోటెప్రెడ్నోల్ లాంటి పేరుంటే డాక్టరు రాసినన్ని రోజులే.

చేపనూనె మాత్రల గురించి అడుగుతుంటారు. 2018లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 535 మందికి ఏడాదిపాటు రోజుకి 3000 మిల్లీగ్రాముల ఒమేగా 3 ఒకవైపు, ఆలివ్ నూనె మాత్రలు ఇంకోవైపు ఇచ్చి చూస్తే తేడా తేలలేదు. వంజరమో కానాగంతలో పులుసు పెట్టుకుని తినండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. మాత్రల డబ్బుతో నిల్వ మందు లేని చుక్కలు కొనుక్కోవచ్చు.

ఇవన్నీ మూడు నెలలు పద్ధతిగా చేసినా లొంగకపోతే తర్వాతి మెట్లున్నాయి. కంటి వాపుని అణిచే సైక్లోస్పోరిన్ చుక్కలు మొదట్లో మండుతాయి, ఫలితానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, నెలకే మానేస్తే డబ్బు దండగ. కన్నీరు బయటికి పోయే రంధ్రంలో పెట్టే చిన్న బిరడా నొప్పి లేని పని, కాకపోతే రెప్పల వాపు తగ్గకముందే పెడితే వాపు తెచ్చే పదార్థాలన్నీ కంట్లోనే నిలిచిపోతాయి. రెప్పల వాపు మొండిగా ఉంటే డాక్సీసైక్లిన్ బిళ్ళలు రాస్తారు. కళ్ళతోపాటు నోరు కూడా ఎండిపోయి, నీళ్ళు తాగకుండా ఇడ్లీ ముద్ద దిగకపోవడం, కీళ్ళనొప్పులు, పళ్ళు వరసగా పుచ్చిపోవడం ఉంటే అది షోగ్రెన్ జబ్బు కావచ్చు, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కన్నీటి, లాలాజల గ్రంథుల మీద దాడి చేయడం. రక్తపరీక్ష కోసం కీళ్ళవాతం డాక్టరుని కలవాలి. థైరాయిడ్, కీళ్ళవాతం ఉన్నవాళ్ళు ఆ సంగతి కంటి డాక్టరుకి ముందే చెప్పాలి.

పొడికళ్ళు ఉన్న కంటికి పుండు పడే అవకాశం మామూలు కంటికంటే ఎక్కువ. ఒక్క కన్నే ఎర్రబడి గట్టిగా నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, రెప్ప కొట్టినా తేటపడకుండా చూపు తగ్గడం, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ, ఈ నాలుగింటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ తేదీ కోసం చూడకుండా అదే రోజు ప్రాంతీయ కంటి ఆసుపత్రికో మీకు దగ్గరున్న పెద్ద కంటి ఆసుపత్రికో వెళ్ళండి. వాడుతున్న సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. దారిలో షాపులో అడిగి ఏ చుక్కలూ వేయకండి.